బెంగళూరు నుంచి పోర్చుగల్‌లోని చిన్న ఊరికి మకాం మార్చడం ఎలా

పోర్చుగల్ పల్లెపట్టున ప్రశాంతంగా, తక్కువ ఖర్చుతో ఉందామనుకునేవాళ్ళు అందరికంటే ముందు చేసే పని ఇళ్ళ ఫొటోలు చూడటం. రాతి గోడలు, ఎర్ర పెంకులు, పెరట్లో ఆలివ్ చెట్లు, బెంగళూరు ఫ్లాటు ధరలు చూసిన కళ్ళకి నమ్మశక్యం కాని రేటు. దారి తప్పేది అక్కడే. కిరాణా కొట్టు నడిచి వెళ్ళేంత దూరంలో ఉందా, శనివారం బస్సు తిరుగుతుందా, అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది అన్నవి ఫొటోలో కనపడవు. అందుకే ఇక్కడ వరస తిరగేసి చెబుతున్నాం. ముందు ఊరు, తర్వాత కాగితాలు, ఆ తర్వాత అద్దె ఇల్లు. కొనడం సంగతి కనీసం ఏడాది తర్వాత.

ఉదాహరణకి మధ్య పోర్చుగల్ తూర్పు వైపున్న ఫుందావ్ ప్రాంతాన్ని తీసుకుందాం. గార్దూన్య కొండల పాదాన, చెర్రీ తోటలకి పేరున్న ఊరు. మున్సిపాలిటీ మొత్తానికి 2021 జనాభా లెక్కల ప్రకారం సుమారు 26,500 మంది. దగ్గర్లోనే కొవిల్యా, అక్కడ విశ్వవిద్యాలయం, పెద్ద ఆసుపత్రి ఉన్నాయి. దక్షిణాన జిల్లా కేంద్రం కాస్తెలు బ్రాంకు. లిస్బన్‌కి రైలుంది. ఏ23 రహదారి మీద టోలు 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఇలాంటి ఊళ్ళు పోర్చుగల్ లోపలి జిల్లాల్లో చాలా ఉన్నాయి. మీరు ఏది ఎంచుకున్నా చూడాల్సిన పద్ధతి ఇదే.

మీ ఆదాయం ఏ వీసాకి సరిపోతుంది

పనిచేయకుండా వచ్చే ఆదాయం ఉన్నవాళ్ళకి డీ7 వీసా. అద్దెలు, పింఛను, డివిడెండ్లు, వడ్డీ దీని కిందికి వస్తాయి. ఇంటి నుంచి కంప్యూటర్ మీద వేరే దేశపు కంపెనీకి పనిచేసేవాళ్ళకి డీ8. రెండింటికీ కొలబద్ద పోర్చుగల్ కనీస వేతనమే. 2026లో అది నెలకి 920 యూరోలు. డీ7కి దరఖాస్తుదారుకి 920, భార్యకో భర్తకో అందులో సగం 460, ఒక్కో బిడ్డకి 30 శాతం, అంటే 276. ముగ్గురున్న ఇంటికి నెలకి 1,656 యూరోలు, ఏడాదికి 19,872. లెక్క సులువు కోసం యూరోకి నూరు రూపాయలు వేసుకుంటే ఏడాదికి దాదాపు 20 లక్షలు. డీ8కి కనీస వేతనానికి నాలుగు రెట్లు, నెలకి 3,680 యూరోలు చూపాలి. ఈ అంకెలు ప్రతి జనవరిలో మారతాయి. దరఖాస్తు వేసే ఏడాది అంకె చూసుకోండి.

డీ7లో మనవాళ్ళ దరఖాస్తులు బలహీనపడే చోటు ఒకటుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉన్న అసలు ఆదాయం కాదు, దాని మీద వచ్చే వడ్డీయే ఆదాయం. అసలుని ఆదాయానికి తోడు పొదుపుగా చూపొచ్చు, ఏడాది ఖర్చుకి సరిపడా పొదుపు చూపమంటారు కూడా. అద్దె ఆదాయం చూపేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. స్టాంపు పేపరు మీద రాసుకున్న 11 నెలల అగ్రిమెంటు ఒక్కటీ చాలదు. అద్దె ప్రతి నెలా బ్యాంకులో పడినట్టు, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపినట్టు కాగితం ఉండాలి. విజయవాడలో ఇల్లు అద్దెకిచ్చి చేతికి నగదు తీసుకుంటున్నవాళ్ళు ఈ రోజే బ్యాంకు బదిలీకి మార్పించండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ తయారవడానికి ఆరు నెలలు పడుతుంది మరి.

డీ8 వాళ్ళు గడియారం చూసుకోవాలి. చలికాలంలో పోర్చుగల్ మనకంటే ఐదున్నర గంటలు వెనక, వేసవిలో నాలుగున్నర. బెంగళూరు ఆఫీసులో ఉదయం 10 గంటల మీటింగు అంటే అక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. మధ్యాహ్నం 2 తర్వాతే మీటింగులు పెట్టుకుంటామని కంపెనీతో రాతపూర్వకంగా ఒప్పించుకోకుండా కదలొద్దు. విదేశం నుంచి పనిచేయడానికి అనుమతిస్తున్నట్టు, జీతం ఎంతో చెబుతూ కంపెనీ లేఖ కూడా ఇవ్వాలి. మేనేజరు మాట ఇస్తే చాలదు, ఆ లేఖ హెచ్‌ఆర్ విభాగం నుంచి రావాలి.

కుటుంబమంతా కలిసి వెళ్ళాలంటే అందరి దరఖాస్తులూ ఒకేసారి వేయగలరా అని ముందే కనుక్కోండి. 2025 అక్టోబరులో వచ్చిన చట్ట సవరణతో, ఒకరు ముందు వెళ్ళి మిగతావాళ్ళని తర్వాత పిలిపించుకునే దారిలో నివాసకాలం షరతులు బిగిశాయి. ఈ ఒక్క విషయానికైనా పోర్చుగీసు లాయరుకి ఫీజు కట్టి సలహా తీసుకోవడం మంచిది.

ఊరిని చలికాలంలో చూడండి

వీసాకి వేయకముందే పర్యాటక వీసా మీద వెళ్ళి ఆ ఊళ్ళో కనీసం 10 రోజులు ఉండండి. వెళ్ళాల్సింది జనవరి లేదా ఫిబ్రవరిలో. జూన్‌లో ఏ ఊరైనా బాగుంటుంది. ఆగస్టులో అయితే అసలే వద్దు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలో స్థిరపడిన ఊరివాళ్ళంతా సెలవులకి దిగుతారు, ప్రతి వీధీ మన సంక్రాంతి నాటి పల్లెలా కళకళలాడుతుంది. సెప్టెంబరు రాగానే సగం ఇళ్ళకి తాళాలు. ఆగస్టులో చూసి ఇష్టపడిన ఊరు జనవరిలో ఉండదు.

ఊరు ఎంచుకోడానికి అక్కడి పాలనా అంచెలు తెలిసుండాలి. ఫ్రెగెజియా అంటే మన గ్రామ పంచాయతీ లాంటిది, దాని ఆఫీసుని జుంతా అంటారు. కొన్ని ఫ్రెగెజియాలు కలిస్తే కొన్సేల్యు, మన మండలంలా. పైన జిల్లా. మా గట్టి సలహా: మొదటి ఏడాది కొన్సేల్యు కేంద్రంలోనే, నడిచి తిరిగే దూరంలో ఉండండి. కొండ మీది పల్లె ఎంత ముద్దుగా ఉన్నా అక్కడ కారు లేకుండా పాల ప్యాకెట్టు కూడా దొరకదు. మండల కేంద్రంలో ఉండి పల్లెకి వెళ్ళిరావడం వేరు, పల్లెలో ఉండి ప్రతి పనికీ మండల కేంద్రానికి పరుగెత్తడం వేరు. భాష రాని మొదటి ఏడాదిలో ఈ తేడా చాలా అలసట తెప్పిస్తుంది.

ఆ 10 రోజులూ హోటల్లో దిగకుండా ఇల్లు అద్దెకి తీసుకోండి. బస్టాండు నుంచి, రైల్వే స్టేషన్ నుంచి ఆరోగ్య కేంద్రానికి నడిచి చూడండి. ఆదివారం మధ్యాహ్నం ఏయే కొట్లు తెరిచి ఉన్నాయో, రాత్రి డ్యూటీ మందుల షాపు ఏదో గమనించండి. మందమైన రాతి గోడల మధ్య ఫోను సిగ్నల్ తగ్గిపోతుంది కాబట్టి వంటింట్లోంచి ఫోను చేసి చూడండి. ఫైబర్ ఇంటర్నెట్ ఆ వీధిలోకి వచ్చిందా అని పక్కింటివాళ్ళని అడగండి. వెబ్‌సైటు ఉందన్నా, ఆ గుమ్మం దాకా తీగ రాకపోవడం మామూలే. బడికి వెళ్ళే పిల్లలుంటే బడి గేటు ముందు ఒక ఉదయం నిలబడండి.

వాస్తు చూసుకునేవాళ్ళకి ఒక మాట. మన దగ్గర దక్షిణ ముఖం ఇల్లంటే వెనకాడతారు. ఫుందావ్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన దాదాపు 27 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దక్షిణానికి కిటికీలున్న ఇంట్లో ఎండ గది లోపలి గోడ దాకా వస్తుంది. ఉత్తరానికే కిటికీలున్న ఇంట్లో, కొండ నీడ పడే చోట, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గోడలు ఆరవు. నల్ల బూజు, తడి వాసన, పిల్లలకి దగ్గు. అక్కడ దక్షిణం వైపు వెలుగున్న ఇంటికే విలువెక్కువ, మీరూ అదే వెతకండి.

బెంగళూరులో సిద్ధం చేయాల్సిన కాగితాలు

పేరుతో మొదలుపెట్టండి. తెలుగువాళ్ళ ఇబ్బంది ఇక్కడే ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఉండటం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండటం, ఆధార్‌లో ఇంకోలా ఉండటం మనకి మామూలు. అక్కడి ఫారాల్లో పేరు, ఇంటిపేరు వేరువేరు గడులు. తల్లిదండ్రుల పేర్లూ అడుగుతారు. ముందు పాస్‌పోర్టు సరిచేయించి, మిగతా ప్రతి కాగితాన్నీ దానికి సరిపోల్చండి. దరఖాస్తు వేశాక పాస్‌పోర్టు మారిస్తే మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది.

పెళ్ళి రిజిస్టరు చేయించుకోని దంపతులు ఇప్పటికీ ఎందరో. గుడి రసీదు, శుభలేఖ పనికిరావు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించుకున్న సర్టిఫికెట్ కావాలి. పిల్లల జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉందేమో చూడండి. ఆసుపత్రి నుంచి వెళ్ళిన నమోదులో పేరు చేర్చకుండా వదిలేసినవి చాలా ఉంటాయి. పుట్టిన ఊరు గుంటూరో అనంతపురమో అయితే అక్కడికే వెళ్ళి చేర్పించాలి. దీనికి వారాలు పడుతుంది కాబట్టి ఇది ముందు పెట్టుకోండి.

పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి వస్తుంది. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో 500 రూపాయలు కట్టి, లాల్‌బాగ్ రోడ్డు లేదా మారతహళ్ళి కేంద్రానికి అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు. పాస్‌పోర్టులో పాత చిరునామా ఉంటే ఇప్పటి చిరునామాకి పోలీసు పరిశీలన జరుగుతుంది. బెంగళూరులో తరచూ ఇల్లు మారేవాళ్ళకి ఆలస్యమయ్యేది ఇక్కడ. దీన్ని అన్నిటికంటే చివర్లో తీసుకోండి, దరఖాస్తు నాటికి 3 నెలలు దాటిన సర్టిఫికెట్ పెట్టొద్దు.

ఈ కాగితాలన్నిటికీ విదేశాంగ శాఖ అపాస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లే ధ్రువీకరణ, వేయించాలి. పెళ్ళి, జనన పత్రాలకి ముందు అవి జారీ అయిన రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన అపాస్టిల్. ఆంధ్రప్రదేశ్‌లో జారీ అయిన పత్రానికి కర్ణాటక సచివాలయం ముద్ర వేయదు. ఈ తిరుగుడుకి ఏజెన్సీకి డబ్బు కడితే తప్పులేదు. కానీ అసలు పత్రాలు ఇచ్చే ముందు ప్రతి పేజీ స్కాన్ చేసుకుని, రసీదు తీసుకోండి.

నిఫ్, బ్యాంకు, అద్దె ఒప్పందం

నిఫ్ అంటే పోర్చుగల్ పన్ను సంఖ్య, మన పాన్ లాంటిది. ఇది లేకుండా అద్దె ఒప్పందం, కరెంటు కనెక్షను, బ్యాంకు ఖాతా ఏదీ సాగదు. జనవరి ప్రయాణంలోనే పన్ను ఆఫీసు ఫినాన్సాష్‌కి వెళ్ళి తీసుకోవడం మేలు. బెంగళూరులోనే ఉండి తీసుకోవాలంటే లాయరుకి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. అదే ప్రయాణంలో బ్యాంకు ఖాతా కూడా తెరవడానికి ప్రయత్నించండి. ఒక శాఖ కాదంటే అదే వీధిలో ఇంకో బ్యాంకు సరే అనొచ్చు. పాస్‌పోర్టు, నిఫ్, చిరునామా రుజువు, ఆదాయ రుజువు ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.

వీసాకి 12 నెలల నివాసం చూపమంటారు. వారం రోజుల హోటల్ బుకింగ్ పెట్టినవాళ్ళు తిరస్కరణకి దగ్గరగా నిలబడినట్టే. అద్దె ఒప్పందం కుదుర్చుకోవాలి. వీసా రాకుండా అద్దె కట్టాలా అనే బాధ అందరిదీ. యజమానితో మాట్లాడి, అద్దె మొదలయ్యే తేదీని రెండు మూడు నెలల తర్వాతకి పెట్టించండి. వీసా తిరస్కరణకి గురైతే ఒప్పందం రద్దయ్యే షరతు రాయించండి. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టి అలవాటైన మనకి అక్కడి చట్టం ఊరటే. ముందస్తు అద్దె 2 నెలలకి, డిపాజిట్ 2 నెలలకి మించకూడదు. అంతకంటే అడిగితే ఆలోచించండి. ఇంకో పరీక్ష: ఒప్పందాన్ని ఫినాన్సాష్‌లో నమోదు చేస్తారా అని అడగండి. దానికి యజమాని ఒక నెల అద్దెలో 10 శాతం స్టాంపు పన్ను కట్టాలి, ఆపైన వచ్చిన అద్దె మీద పన్ను. నమోదు వద్దు, కావాలంటే అద్దె తగ్గిస్తాననే యజమాని ఇల్లు మీకు పనికిరాదు. నమోదు కాని ఒప్పందం నివాస అనుమతి దగ్గర నిలబడదు.

దరఖాస్తు, ఎదురుచూపు

భారత్‌లో పోర్చుగల్‌కి ఢిల్లీలో ఎంబసీ, గోవాలో కాన్సులేట్ ఉన్నాయి. మీ చిరునామా ఎవరి పరిధిలోదో చూసుకుని, వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ వీఎఫ్‌ఎస్ ద్వారా దరఖాస్తు చేయాలి. ఫారం, ఫొటోలు, పాస్‌పోర్టు, ప్రయాణ వైద్య బీమా, ఆదాయ రుజువులు, పోలీసు సర్టిఫికెట్, నివాస రుజువు, పోర్చుగల్‌లో మీ నేర రికార్డు చూసుకోడానికి అనుమతి పత్రం పెట్టాలి. వీటికి తోడు ఎందుకు ఆ ఊరు అని ఒక పేజీ లేఖ రాయండి. అందమైన ప్రకృతి గురించి అందరూ రాస్తారు. ఇంటి చిరునామా, నెల ఖర్చు లెక్క, పిల్లల బడి పేరు, మీ ఆదాయం ఏ ఖాతాలోంచి ఏ ఖాతాకి వస్తుందో రాస్తే చదివే అధికారికి పని తేలికవుతుంది.

నివాస వీసాలకి చట్టం ఇచ్చిన గడువు 60 రోజులు, ఆచరణలో అంతకంటే ఎక్కువ పడుతుందనుకునే పథకం వేసుకోండి. వీసా చేతికి రాకముందే ఉద్యోగానికి రాజీనామా, ఇంటి ఖాళీ నోటీసు, పిల్లల టీసీ ఇవ్వొద్దు. వచ్చిన వీసా 4 నెలలు, రెండు ప్రవేశాలకి చెల్లుతుంది. ఆ 4 నెలల్లో అక్కడికెళ్ళి ఐమా అనే వలస ఏజెన్సీ దగ్గర నివాస అనుమతి పని మొదలుపెట్టాలి. పాత సెఫ్ స్థానంలో 2023 అక్టోబరు 29న ఐమా వచ్చింది. పాత సమాచారంలో సెఫ్ అని కనపడితే అది ఇదే.

బయల్దేరే ముందు ఇక్కడి డబ్బు వ్యవహారం

విదేశంలో స్థిరపడటానికి వెళ్ళాక మామూలు సేవింగ్స్ ఖాతా కొనసాగించకూడదు, ప్రవాసుల ఖాతా అయిన ఎన్‌ఆర్‌ఓగా మార్పించాలి. ఇది కొందరు ఏళ్ళ తరబడి వదిలేస్తారు, తర్వాత డబ్బు బయటికి పంపేటప్పుడు చిక్కు.

అద్దె మీద ఆధారపడేవాళ్ళకి పెద్ద దెబ్బ తగిలేది టీడీఎస్ దగ్గర. యజమాని ప్రవాసి అయితే అద్దెదారు ప్రతి నెలా అద్దెలో 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం, కోసి ప్రభుత్వానికి కట్టాలి. అద్దె ఎంత చిన్నదైనా సరే. మీ అసలు పన్ను అంతకంటే తక్కువైతే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా ముందే తక్కువ రేటు సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయొచ్చు. కానీ నెల నెలా చేతికొచ్చేది తగ్గుతుంది. మీ 1,656 యూరోల లెక్క ఈ కోత పోయాక మిగిలే దానితో వేసుకోండి. అద్దెదారుకి ఈ బాధ్యత మీరే చెప్పాలి, చాలామందికి తెలియదు.

డబ్బు పంపడానికి భారత నివాసికి ఏడాదికి 2,50,000 డాలర్ల హద్దు ఉంది. సొంత డబ్బు అయినా ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. అది పన్నులో సర్దుబాటవుతుంది, కానీ రిటర్ను వేసేదాకా మీ డబ్బు అక్కడే ఉంటుంది. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల హద్దులు వాడుకోవచ్చు.

పోర్చుగల్‌లో ఏడాదికి 183 రోజులు దాటి ఉంటే ప్రపంచమంతటా మీకొచ్చే ఆదాయం అక్కడ చూపాలి. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంది, ఒకచోట కట్టింది ఇంకోచోట తగ్గించుకోవచ్చు. కొత్తగా వచ్చేవారికి పన్ను రాయితీ ఉందని పాత వీడియోల్లో చెప్పే ఎన్‌హెచ్‌ఆర్ పథకం 2024 నుంచి కొత్తవారికి మూసేశారు. దాని మీద ఆశ పెట్టుకుని లెక్కలు వేయకండి. బెంగళూరులో ఒక సీఏ, అక్కడ ఒక అకౌంటెంటు, ఇద్దరూ కావాలి. అక్కడ రిటర్నుల గడువు ఏప్రిల్ 1 నుంచి జూన్ 30.

చిన్నదే గానీ వదలకూడని సంగతి: ఇక్కడి సిమ్ కార్డు బతికుంచండి. బ్యాంకు, ఆదాయపు పన్ను, ఆధార్ ఓటీపీలన్నీ దానికే వస్తాయి. రోమింగ్‌లో ఎస్‌ఎంఎస్ అందుతోందో లేదో విమానం ఎక్కకముందే కంపెనీతో తేల్చుకోండి.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఐరోపా సమాఖ్యలోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. అంటే అమ్మ కాచిన నెయ్యి డబ్బా, పాలకోవా, మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి విమానాశ్రయంలోనే పోతాయి. రొయ్యల పొడికి ఈ నిషేధం లేదు. పచ్చి కరివేపాకు, గోంగూర విత్తనాలు, మొక్కలు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, ఎండు కరివేపాకు, కందిపప్పు, చింతపండు తీసుకెళ్ళొచ్చు. పచ్చడి జాడీ చెక్-ఇన్ పెట్టెలో, రెండు కవర్లలో చుట్టి పెట్టండి.

అక్కడ దొరికేది తక్కువేం కాదు. కొత్తిమీర పోర్చుగీసు వంటలో రోజువారీ వస్తువు. శనగలు, వెల్లుల్లి, ఎండుమిరప, చేపలు, గుమ్మడి, ఆకుకూరలు అంతటా ఉంటాయి. బియ్యంలో అగూల్య అని రాసి ఉన్నది పొడిగా ఉడుకుతుంది, మన అన్నానికి అదే దగ్గర. కరొలీను అన్నది ముద్దగా అవుతుంది, దద్ధ్యోజనానికి, పొంగలికి బాగుంటుంది. మినప్పప్పు, ఇంగువ లాంటివి లిస్బన్‌లో మర్తీం మునీజ్ చుట్టూ ఉన్న కొట్లలో దొరుకుతాయి. మూడు నెలలకోసారి రైల్లో వెళ్ళి తెచ్చుకునే ఏర్పాటు పెట్టుకోండి.

మిక్సీ, చిన్న వెట్ గ్రైండరు ఇక్కడివే పనిచేస్తాయి. అక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్‌జే. ప్లగ్గు మాత్రం పట్టదు, అడాప్టరుతో సరిపెట్టకుండా అక్కడి ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గు మార్పించండి. వాడే మందులు మూడు నెలలకి సరిపడా, డాక్టరు చీటీతో తీసుకెళ్ళండి. చీటీలో బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి, అక్కడి ఫార్మసిస్టుకి తెలిసేది అదే.

మొదటి నెల

దిగిన వారంలో జుంతాకి వెళ్ళి అద్దె ఒప్పందం చూపి నివాస ధ్రువపత్రం అడగండి. కొన్ని చోట్ల ఇద్దరు స్థానికుల సాక్ష్యం కోరతారు. ఇంటి యజమాని, వీధి చివర కాఫీ కొట్టు ఆయన సరిపోతారు. ఆ కాగితంతో ఫినాన్సాష్‌లో చిరునామా మార్పించండి. ఆరోగ్య కేంద్రంలో నమోదు చేసుకుంటే ఆరోగ్య సంఖ్య వస్తుంది. కుటుంబ వైద్యుడు వెంటనే దొరక్కపోవచ్చు, జాబితాలో పేరు ఉంచుకోండి. అత్యవసరానికి 112, ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అన్న సలహాకి 808 24 24 24. ఈ రెండూ ఇంట్లో పెద్దవాళ్ళకి కనపడేలా గోడ మీద రాసి పెట్టండి.

ఐమా అపాయింట్‌మెంట్ రోజున ఒరిజినళ్ళు, రెండేసి జిరాక్సులు తీసుకెళ్ళండి. అపాయింట్‌మెంట్ వేరే జిల్లాలో పడటం, తేదీ జరగడం మామూలే. అందుకే తేదీ, టికెట్టు, పంపిన ప్రతి మెయిలూ ఒకే ఫోల్డరులో దాచండి. వీసా గడువు దాటిపోయినా మీరు సమయానికి ప్రయత్నించారని చూపేది ఆ ఫోల్డరే.

పిల్లల్ని ప్రభుత్వ బడిలో చేర్చడానికి ఫీజు లేదు. టీకాల కార్డు, పాత బడి మార్కుల పత్రం అడుగుతారు. పోర్చుగీసు మాతృభాష కాని పిల్లలకి వేరే భాషా తరగతి ఉంటుంది, బడి ఆఫీసులో అడగండి. పెద్దవాళ్ళకీ ప్రభుత్వ ఉచిత భాషా కోర్సులున్నాయి. ఫోన్ యాప్‌లలో ఎక్కువభాగం నేర్పేది బ్రెజిల్ ఉచ్చారణ. అక్కడి పల్లెవాళ్ళు అచ్చుల్ని మింగేస్తారు, యాప్ విని వెళ్ళినవాళ్ళకి మొదట ఒక్క ముక్కా అర్థం కాదు. ఊరి పెద్దవాళ్ళకి ఇంగ్లిషు కంటే ఫ్రెంచి వచ్చే అవకాశం ఎక్కువ, యవ్వనంలో ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు చాలామంది. దుకాణంలో అడుగుపెట్టగానే, వీధిలో ఎదురుపడగానే బోఁ దీయ అనండి, మధ్యాహ్నం తర్వాత బోవ తార్ద్. పలకరించకుండా నేరుగా పని అడిగితే మొరటుగా తీసుకుంటారు. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసులు, చిన్న కొట్లు మూసేస్తారు, పనులు ఉదయమే పెట్టుకోండి.

చలి, కరెంటు, కట్టెలు

డిసెంబరు, జనవరి రాత్రులు సున్నా దగ్గరికి దిగుతాయి. పక్కనే దాదాపు 2,000 మీటర్ల ఎత్తున్న ఎస్త్రెల కొండల మీద మంచు పడుతుంది. పాత ఇళ్ళలో వేడి చేసే ఏర్పాటు ఉండదు, బయటికంటే లోపలే చలి అనిపిస్తుంది. ఎలక్ట్రిక్ హీటరు పెట్టగానే కరెంటు పోతుంది. కారణం ఇదీ: అక్కడ ప్రతి కనెక్షనుకీ ఇంత శక్తి అని ఒప్పందం ఉంటుంది. చిన్న ఇళ్ళకి తరచూ 3.45 కేవీఏ, అంటే సుమారు 3,450 వాట్లు. 2,000 వాట్ల హీటరు, 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్వు ఒకేసారి వేస్తే దాటిపోతుంది. కంపెనీకి ఫోను చేసి 6.9కి పెంచమంటే నెలవారీ స్థిర రుసుము కొంచెం పెరుగుతుంది, కానీ చీకట్లో మీటరు దగ్గరికి పరుగులు తప్పుతాయి. ఇంటి వైరింగు తట్టుకుంటుందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. రాత్రి వేళల్లో తక్కువ రేటు ఉండే పథకం తీసుకుంటే గీజరుకి టైమరు పెట్టుకోవచ్చు.

సలమాంద్ర అనే ఇనప కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు దొరికితే వదలొద్దు. కట్టెలు జూన్, జులైలో కొని నీడన పేర్చి ఆరనివ్వండి. నవంబరులో కొన్నవి పచ్చిగా ఉంటాయి, పొగ తప్ప వేడి రాదు. ఓక్ జాతి కట్టె నెమ్మదిగా, ఎక్కువసేపు కాలుతుంది. పైన్ కట్టె త్వరగా అంటుకుంటుంది గానీ చిమ్నీలో మసిజిగురు పట్టిస్తుంది, దానికే నిప్పంటుకుంటే ఇల్లు కాలుతుంది. చిమ్నీ ఏడాదికోసారి శుభ్రం చేయించాలి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎప్పుడూ పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. 20, 30 యూరోల డిటెక్టరు పడకగదిలో పెట్టండి. బూజుకి హీటరు ఒక్కటే మందు కాదు. రోజూ ఉదయం పది నిమిషాలు కిటికీలు తెరవండి, అన్నం, సాంబారు ఉడికేటప్పుడు వంటింటి కిటికీ తెరిచే ఉంచండి, బీరువాని గోడకి ఒక చెయ్యి దూరం జరపండి.

వంట గ్యాసు సిలిండరు 13 కిలోలది పెట్రోలు బంకుల్లో, కొట్లలో దొరుకుతుంది. ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవాలి.

కొనాలనుకుంటే

ఒక చలికాలం, ఒక వేసవి గడిచాకే. పత్రాల్లో భూమికి రెండు జాతులు: ఉర్బాను అంటే నివాసం, రూస్తికు అంటే సాగు భూమి. చవగ్గా కనపడే స్థలాల్లో ఎక్కువ రూస్తికువే, అందులోని రాతి కట్టడం కాగితం మీద గొర్రెల పాకే అయి ఉంటుంది. ఇల్లు కట్టుకుందామని కొని చిక్కుకునేది అక్కడే. పన్ను పుస్తకం కదెర్నేత, రిజిస్ట్రీ పత్రం సెర్తిదావ్ రెండూ తెచ్చి విస్తీర్ణం, గదులు, యజమాని పేరు కలుస్తున్నాయా చూడాలి. తాత పేరు మీద ఉండి పద్నాలుగు మంది వారసులు మూడు దేశాల్లో ఉండటం మన పల్లెల్లో లాగే అక్కడా ఉంది. మున్సిపాలిటీ ఆఫీసులో అడగనిదే, లాయరు చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి.

చెట్ల మధ్య ఇల్లయితే ఇంకో బాధ్యత. ఇంటి చుట్టూ 50 మీటర్ల మేర పొదలు, ఎండుగడ్డి కొట్టించాలని చట్టం, ఏటా ఏప్రిల్ 30 నాటికి. కొన్ని సంవత్సరాల్లో ప్రభుత్వం ఈ తేదీని కాస్త పొడిగిస్తుంది, దాని మీద ఆధారపడొద్దు. చేయకపోతే జరిమానా. 2017 జూన్‌లో పెద్రోగావ్ గ్రాంద్ దగ్గర మంటల్లో 60 మందికి పైగా చనిపోయారు, చాలామంది కార్లలో పారిపోతూ రోడ్డు మీదే. 2025 ఆగస్టులో అర్గనిల్ వైపు రాజుకున్న మంట ఫుందావ్ కొండల దాకా వచ్చింది. జులై నుంచి సెప్టెంబరు దాకా ఒక సంచిలో పాస్‌పోర్టులు, మందులు, నీళ్ళు, కారు తాళం గుమ్మం దగ్గర ఉంచండి. ఊరి నుంచి బయటపడే రెండు దారులు తెలిసుండాలి.

సెలవులు, రెన్యువల్

మొదటి నివాస అనుమతి 2 ఏళ్ళకి, తర్వాతది 3 ఏళ్ళకి. అనుమతి ఉన్న కాలంలో వరసగా 6 నెలలు, లేదా విడివిడిగా కలిపి 8 నెలలు దాటి దేశం బయట ఉంటే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, పెద్దవాళ్ళ అనారోగ్యం అంటూ మనవాళ్ళు ఇంటికి వచ్చి నెలల తరబడి ఉండిపోతారు. అమ్మానాన్నల కోసం తప్పక ఉండాల్సి వస్తే, వెళ్ళకముందే ఐమాకి కారణం రాసి, ఆసుపత్రి కాగితాలు జతచేసి పంపండి. ప్రతి రాకపోక తేదీ, బోర్డింగ్ పాసుతో సహా, ఐమా ఫోల్డరులోనే పెట్టండి. రెన్యువల్ నాడు అద్దె ఒప్పందం, పన్ను రిటర్ను, బకాయిలు లేవన్న పత్రం, ఆదాయ రుజువు అడుగుతారు. గడువుకి మూడు నెలల ముందే ఇవన్నీ ఒకసారి తీసి బల్ల మీద పరిచి చూసుకోండి.